ఏడు సాళ్ళు

మొన్న మంగళవారం మా చిన్న మనవడు ఒక సర్వేయరును వెంటబెట్టుకొని వచ్చాడు. మొయినాబాదు నుంచి చేవెళ్ళకు పోయే రోడ్డుకు కొంచెం లోపలగా మాకు ఒక రేగడి చేను ఉన్నది. దాన్ని ప్లాట్లుగా కోసి అమ్ముతారట. హద్దుల దగ్గర ముసలివాడు ఒకడు కూర్చుని ఉంటే గొడవలు రావని ఎవరో చెప్పారేమో, నన్ను కూడా కారులో ఎక్కించుకొని తీసుకుపోయి, గెట్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి, నెత్తిన గొడుగు పట్టి కూర్చోబెట్టారు. నా పెళ్ళిలో కూడా నాకు అంత మర్యాద జరగలేదు. సర్వేయరు గొలుసు లాగించాడు, కాగితం చూశాడు, మళ్ళీ గొలుసు లాగించాడు, చివరికి నా ముందుకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, రికార్డుల ఎకరం రాసున్నది. నేల మీద ఇంకో మూడున్నర గుంటలు ఎక్కువొస్తున్నది. ఎక్కడిది గిది?" అని అడిగాడు.

ఎనభై దాటినవాడికి చెవులు వినబడనట్టు నటించే సౌకర్యం ఒకటి ఉంటుంది. నేను దాన్ని కూడా వాడుకోలేదు. "ముందటి సంది గంతే ఉన్నది బిడ్డా" అన్నాను. నోరు తడబడలేదు. మనవడి ముఖం వెలిగింది. ఇప్పుడక్కడ భూమిని ఎకరానికి నలభై గుంటల లెక్కన కాదు, గజాల్లో కొలుస్తున్నారు. ఆ మూడున్నర గుంటలు ఎక్కడివో తెలిసినవాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది నేనొక్కణ్ణే. అవి మా అన్నవి. నేను దొంగిలించాను. ఒక్కరోజులో చేసిన పని కాదు, ఏడేళ్ళు పట్టింది.

మా తాతకు ఇరవై ఎకరాలు ఉండేవట. ఆ మాట మా ఇంట్లో ఎంత తరచుగా వినబడేదంటే, చిన్నప్పుడు నేను ఇరవై ఎకరాలంటే మొయినాబాదు నుంచి ఆకాశం దాకా అనుకునేవాణ్ణి. తాతకు నలుగురు కొడుకులు. కాబట్టి మా బాపు పాలికి అయిదు ఎకరాలు వచ్చాయి. రెండెకరాలు రేగడి, రెండెకరాలు తేలికపాటి ఎర్ర చెల్క నేల, ఒక ఎకరం మోటబావి కింద. పట్వారీ కాగితాల్లో మాత్రం భూమి అంతా మా తాత పేరు మీదే ఉండేది. ఆయన చనిపోయి పాతికేళ్ళయినా సర్కారు లెక్కలో నిక్షేపంగా బతికి ఉన్నాడు. దానికితోడు గండిపేట చెరువు కట్టినప్పుడు మా మేనత్త వాళ్ళ పొలం నీళ్ళ కిందికి పోయింది. ఆమె పెనిమిటితో, నలుగురు పిల్లలతో వచ్చి "జర కుదురుకునేదాక" అని మా కొట్టంలో దిగింది. కుదురుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళు మా అవ్వ జొన్న గటక కుండను ఒక్కరోజు కూడా నిండుగా చూడలేదు. అయినా మేనత్త పిల్లలకు పెట్టాకే మాకు పెట్టేది. మాకు కోపం వచ్చేది కాని అవ్వకు వినబడేలా అనే ధైర్యం ఉండేది కాదు.

మేము ముగ్గురం అన్నదమ్ములం. పెద్దవాడు నాకంటే పదేళ్ళు పెద్ద. ఇక్కడ నేను అన్న అనేదంతా ఆయన్నే. నడిపివాడు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను చివరివాణ్ణి కాబట్టి నాకు చదువు దొరికింది. ఊళ్ళో మా క్రైస్తవులకు ప్రార్థన నడిపే బోధకుడు పొద్దున పూట పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు. అన్న నాగలి మేడి పట్టాడు కాబట్టి నేను పలక పట్టాను. ఆ సంగతి అన్న ఎప్పుడూ ఎత్తి చూపలేదు, నాకూ చాలాకాలం తట్టలేదు. నాకు పద్దెనిమిదేళ్ళ వయసులో ఊరికి గత్తర, అంటే కలరా, వచ్చింది. నడిపన్న రెండు పూటల్లో పోయాడు, పెళ్ళి కూడా కాలేదు. అవ్వ నేలకు తల బాదుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కాని ఆ రాత్రి గడిచి తెల్లారాక, సమాధి మట్టి ఇంకా ఆరకముందే, నా బుర్ర ఒక లెక్క చేసింది. అయిదు ఎకరాలు మూడు పాళ్ళయితే ఎంత, రెండు పాళ్ళయితే ఎంత అని. నేను చేయమనలేదు, అదే చేసింది. చదువు నేర్చినందుకు నా బుర్ర నాకు మొదట చేసి చూపిన లెక్క అదే. దీన్ని నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో బాపు పోయాడు. అప్పటికి నాకు పెళ్ళయి ఒక బిడ్డ. అన్నకు ఒక కొడుకు, ఆ తరువాత పుట్టినవాళ్ళు నిలవలేదు. ఏడాదిపాటు కలిసే ఉన్నాం. తరువాత చిన్న చిన్న మాటలు మొదలయ్యాయి. ఎవరి బిడ్డకు ఎంత పాలు, ఎవరి చీర ఎప్పుడు చినిగింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. మాది చావక ముందే వేరు పడదామని నేనే అన్నాను. మా దిక్కున పంపకానికి ఒక పద్ధతి ఉండేది. పెద్దోడు పంచాలె, చిన్నోడు ఏరుకోవాలె. పంచేవాడికి తనకేది వస్తుందో తెలియదు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకొని పంచుతాడు. అన్న మూడు రోజులు మోట మోకుతో కొలుస్తూ చేన్ల వెంట తిరిగాడు. రేగడి ఒకరికి, చెల్క ఒకరికి ఇస్తే సరిపోయేది. కాని రేగడి వచ్చినవాడు నవ్వుతాడు, చెల్క వచ్చినవాడు ఏడుస్తాడు అని, రేగడిని నిలువునా రెండు, చెల్కను నిలువునా రెండు, బావి కింది మడులను కూడా రెండుగా చీల్చాడు. రేగడి అసలే వాగు వెంట పొడుగ్గా పడుకున్న చేను. దాన్ని నిలువునా చీలిస్తే చెరొక పటకా గుడ్డంత వెడల్పు మిగిలింది, ఇరవై అంగలు. న్యాయం చేయబోయి మా అన్న ఒక మంచి చేనును రెండు పేలికలు చేశాడు. అప్పుడు ఊళ్ళో అందరూ అదే తప్పు చేసేవాళ్ళు, అందరూ దాన్ని న్యాయమనే అనేవాళ్ళు.

నన్ను ఏరుకోమన్నారు. నేను ఎడమ పాలు ఏరుకున్నాను. రేగడికి ఒక చివర వాగు, ఇంకో చివర బండ్ల బాట. బాట వైపున హద్దురాయి పాతారు. రాయి పాతే ముందు నడుము లోతు గుంట తవ్వి, అడుగున ఒక గంప బొగ్గులు, వాటి మీద వరి ఊక పోశారు. బొగ్గు చివకదు, దాన్ని చెద తినదు. మా సంఘపెద్ద తెల్ల మీసాల ముసలాయన, చేతులు దులుపుకుంటూ, "రాయి జరుగుతది, బొగ్గు జరగది. యాదుంచుకోండ్రి" అన్నాడు. ఎవరైనా రాయి జరిపి దొరికితే శిక్ష కూడా ఉండేది. ఆ రాయినే వాడి నెత్తిన పెట్టి, డప్పు కొట్టి, వాడవాడా తిప్పేవాళ్ళు. మా బాపు కాలంలో ఒకణ్ణి అట్లా తిప్పారట. తరువాత వాడి పిల్లలకు సంబంధాలు రాలేదని, ఇల్లు విప్పుకొని చిల్కూరు అవతలికి పోయారని చెప్పుకునేవాళ్ళు.

పాళ్ళయ్యాక అవ్వ ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వచ్చింది. అది రాకముందే అన్న ఆమె మంచం తన ఇంట్లో వేయించాడు. పేలికల సేద్యం మొదలైంది. నాగలి గెట్టు దాకా పోయి మలగాలంటే ఎద్దు ముఖం నా చేన్లో, తోక అన్న చేన్లో ఉండేది. మా కోళ్ళకు ఈ పంపకం సంగతి ఎవరూ చెప్పనందువల్ల అవి ఎప్పటిలాగే అన్ని చోట్లా గింజలు ఏరుకునేవి. మొదట్లో ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. "తమ్మీ, నీ ఎద్దు నా చేన్ల పేడేసింది, ఎరువు నాదే" అనేవాడు అన్న. నేను గంప తీసుకుపోయి ఎత్తుకొచ్చినట్టు నటించేవాణ్ణి.

నా ఇంట్లో మాత్రం పిల్లలు ఆగలేదు. మంత్రసానికి మా గడప తన గడప అయిపోయింది. ఎనిమిదేళ్ళలో అయిదుగురు. దేవుని దయవల్ల అందరూ నిలిచారు. ఈ మాట రాస్తుంటే కూడా నా చేయి ఒక క్షణం ఆగింది, ఎందుకంటే ఆ రోజుల్లో దయ అని పైకి అంటూ లోపల లెక్కలు వేసుకునేవాణ్ణి. జొన్న పొట్టకు వచ్చే నాటికే గరిసె ఖాళీ. అప్పుడే యుద్ధం వచ్చి, సర్కారు వాళ్ళు లెవీ అని కళ్ళం మీదనే ధాన్యం కొలుచుకొని పోయేవాళ్ళు. ఒక రోజు నా భార్య చిన్నదాన్ని చంకనేసుకొని, కుండ అడుగు గీకుతూ, "మీ అన్నకు ఒక్క కొడుకు, మనకు అయిదుగురు. పాలు మాత్రం సగం సగం. గిదేం న్యాయం?" అన్నది. ఆమె ఊరికే అన్నది, ఆకలి మీద అన్న మాట. నేను దాన్ని పట్టుకున్నాను. కడుపుల్ని బట్టి పంచాలి గాని కొడుకుల్ని బట్టి కాదు అని నాకు నేనే ఒక చట్టం రాసుకున్నాను. అన్న ఇంట్లో కడుపులు లెక్కబెట్టినప్పుడు అవ్వను లెక్కలో వేయడం మర్చిపోయాను. ఇట్లాంటి మరుపులు నాకు సరిగ్గా వేళకు వచ్చేవి.

మొదటి సాలు నిజంగా పొరపాటే. దాపటెద్దు ఈగకు బెదిరి పక్కకు లాగింది, కర్రు గెట్టు అంచును జానెడు మేర కోసింది. నల్లటి మట్టి పచ్చి వాసనతో తిరగబడింది. గెట్టు మట్టి ఏళ్ళ తరబడి నాగలి ఎరగనిది, గడ్డి వేళ్ళతో బలిసి ఉంటుంది. ఆ ఏడాది ఆ ఒక్క సాలులో జొన్న మనిషెత్తు పెరిగింది. రెండో ఏడు ఎద్దు బెదరలేదు, నేనే ముల్లుకర్రతో పొడిచాను. ఎండాకాలంలో గెట్టుకు అవతలి పక్కన, అంటే అన్న వైపున, మట్టి పోసి కొట్టేవాణ్ణి. చూసేవాళ్ళకు గెట్టు బలపరుస్తున్నట్టు కనబడేది. నా వైపు కోసినంత, అన్న వైపు పెంచడం. అట్లా గెట్టు సన్నబడకుండానే ఏటికి ఒక జానెడు నడిచింది. ఒకసారి నేను మట్టి కొడుతుంటే అన్న వచ్చి నిలబడి చూసి, "మంచిగ కొడుతున్నవు తమ్మీ, వానకు తెగకుంట" అని పోయాడు. అది అమాయకంగా అన్నాడో, తెలిసి అన్నాడో అప్పుడు అర్థం కాలేదు. తెలుసుకోవాలని నేను కూడా ప్రయత్నించలేదు.

ఏడేళ్ళు నిండేసరికి గెట్టు ఒక దగ్గర, రాయి ఒక దగ్గర అయ్యాయి. బాట మీద పోయేవాడు ఎవడైనా ఒక కన్ను మూసి చూస్తే చాలు. రాయిని కూడా జరపక తప్పలేదు. ఒక ఆదివారం దాపటెద్దుకు కడుపు ఉబ్బిందని చెప్పి ప్రార్థనకు పోలేదు. ఎద్దు చక్కగా నెమరు వేస్తున్నది. గడ్డపార తీసుకొని చేనుకు పోయాను. ఊరి నుంచి పాట వినబడుతున్నది, అందులో మా అన్న గొంతు వేరుగా తెలుస్తుంది, ఎప్పుడూ ఒక చరణం వెనకబడి పాడేవాడు. ఆ పాట వింటూనే రాయిని పెకలించి, మోకాలితో దొర్లించి, కొత్త చోట పాతి, పాత గుంట పూడ్చి, పైన గడ్డి పెళ్ళలు పేర్చాను. కింద ఉన్న బొగ్గుల సంగతి గుర్తుంది. కాని నడుము లోతు తవ్వడానికి పొద్దు చాలదు, ప్రార్థన ముగిసే వేళయింది. ఎవరు తవ్వి చూస్తారులే అనుకున్నాను. ఇంటికి వచ్చి ఎద్దుకు ఉత్తపుణ్యానికి వాము నీళ్ళు తాగించాను, మాట నిజం చేయడానికి.

మరుసటి చలికాలం అన్న కొడుక్కి సంబంధం వచ్చింది. పిల్లవాడికి పంతొమ్మిదో ఇరవయ్యో. నెమ్మదస్తుడు, వాళ్ళ నాన్నలాగే తక్కువ మాట్లాడేవాడు. పిల్లది కొండకల్ ఊరు. చేవెళ్ళ అంగట్లో వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారని, పిల్లవాడికి మనసయిందని మా వదిన గుసగుసగా చెప్పింది. ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తరువాత నవ్వు ముఖాలు చూశాను. పిల్ల తండ్రి, మంచి రైతు, ఊరికి వచ్చాడు. ఆ రోజుల్లో పిల్లనిచ్చేవాడు ఇల్లు చూసేవాడు కాదు, చేను చూసేవాడు. మా బిడ్డ ఇక్కడ ఎంత నేల మీద తింటుంది అన్నదే వాళ్ళకు కావాలి. అన్న "రేగడిల ఎకరం, నా తమ్మునిదెంతనో నాదంతే" అని చెప్పాడు. పిల్ల తండ్రి చేన్లో దిగి అడ్డంగా నడిచాడు. ఆగాడు. గెట్టు దాటి నా చేన్లో నడిచాడు. తిరిగి వచ్చి, "బావా, నీది పద్దెనిమిది అంగలొచ్చింది, గీయనది ఇరవై రెండొచ్చింది. సమానమంటివి" అన్నాడు. కోపంగా అనలేదు. "గెట్టన్న జరగాలె, నువ్వన్న మాట తప్పాలె. తేల్చుండ్రి, నేను రేపటిదాక ఉంటా" అన్నాడు.

సంఘపెద్దను పిలిచారు. ఆయన మీసం దువ్వుకొని, "పొద్దుగాల తవ్వుదాం. బొగ్గు చెప్తది" అన్నాడు. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు, ప్రశ్న లేదు. ఎండలో దూరం నుంచి వస్తున్నది ఎవరా అని చూసే చూపు. నేను తల వంచుకొని ఇంటికి పోయాను. అయిదుగురు పిల్లలు కంచాల ముందు కూర్చుని ఉన్నారు. రాయి నెత్తిన పెట్టుకొని నేను నడుస్తుంటే వీళ్ళు ఏ గడప చాటున నిలబడి చూస్తారా అని ఆలోచించాను. పోయి అన్న కాళ్ళ మీద పడితే సరిపోయేది. ఆయన ఇల్లు మా ఇంటికి ఇరవై అడుగులు. పోలేదు.

తెల్లారి అందరూ బాట దగ్గర చేరారు. రాయి పీకారు. ఇద్దరు మనుషులు తవ్వడం మొదలుపెట్టారు. గడ్డపార చాలా సులువుగా దిగింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి ఉన్నాను. మోకాలి లోతు కాకముందే పారకు నల్లగా తగిలింది. బొగ్గులు. అక్కడ బొగ్గులు ఉండడానికి వీల్లేదని ఆ గుంపులో నాకు తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసు. సంఘపెద్ద వంగి ఒక ముక్క తీసి వేళ్ళతో నలిపాడు. పొడిగా, తేలిగ్గా ఉన్నది, మట్టి పట్టలేదు, వేరు పట్టలేదు. ఊక జాడ లేదు. నిన్నటి పొయ్యిలోది. నడుము లోతు పోసిన బొగ్గు మోకాలి లోతుకు ఎట్లా వచ్చిందో ఆయన అడగలేదు. నా ముఖం చూశాడు, తరువాత అన్న చేతులు చూశాడు. అన్న చేతులు వెనక్కి పెట్టుకోబోయాడు, గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. "బొగ్గే ఉన్నది. పూడ్చుండ్రి" అన్నాడు ముసలాయన, ముక్కను గుంటలో పడేస్తూ.

"పంచింది నేనే. మోకు పట్టినప్పుడు నాకే లెక్క తప్పింది. నా తమ్ముని తప్పేం లేదు" అన్నాడు అన్న, కొండకల్ ఆయనతో. ఆయన, "లెక్క తప్పేటోని ఇంటికి పిల్లనెట్లియ్యాలె బావా. ఏమనుకోకు" అని, తువ్వాల భుజాన వేసుకొని బాట పట్టాడు. అన్న కొడుకు గెట్టు మీద కూర్చుని గడ్డి పరకలు తెంపుతున్నాడు. ఆ క్షణాన నేను ఒక్క మాట అంటే ఆ మనిషి వెనక్కి తిరిగేవాడు. ఆయన వీపు నాకు చాలాసేపు కనబడింది. ఆ బాట పొడుగైనది, మలుపులు లేవు. నేను ఆయన కనుమరుగయ్యేదాకా ఊరుకున్నాను.

ఒకసారి చెప్పబోయాను. నెల తరువాత బావి దగ్గర అన్న ఒక్కడే ఉన్నప్పుడు, "అన్నా, ఆనాటి బొగ్గులు" అని మొదలుపెట్టాను. ఆయన మోట తాడు ముడి చూసుకుంటూ, "నీ పెద్దోనికి జరమొచ్చిందన్నరు, తగ్గిందా?" అని అడిగాడు. తగ్గిందన్నాను. "అయితే ఎడ్లను కట్టు, నీ వంతే ఇప్పుడు" అన్నాడు. నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఈ కథ అంతటిలో ఆ హాయిని తలుచుకున్నప్పుడే నాకు ఎక్కువ సిగ్గు. ఆ చెమట పట్టిన ముఖంలో నన్ను క్షమించడం కనబడిందని చెప్పుకుంటే బాగుండును. అదేం లేదు, ఆయన అలసిపోయి ఉన్నాడు అంతే. ఎట్లా తీసుకున్నానో అట్లాగే ఏటికి ఒక సాలు వెనక్కి ఇవ్వవచ్చు గదా, ఎవరికీ తెలియదు గదా అని కూడా అనుకున్నాను. ఒక ఏడు ఆ ఉద్దేశంతోనే మేడి పట్టి గెట్టు దాకా పోయాను. ఆ ఏడే మాకు ఆరో బిడ్డ పుట్టింది. సాలు ఇవ్వలేదు. అన్న కొడుకు ఇంకో రెండు సంబంధాలు తప్పిపోయాక పట్నం పోయి ఒక గోదాములో హమాలీగా కుదిరాడు. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. నాకు దండం పెట్టి, "మంచిగున్నవా చిన్న బాపూ" అనేవాడు.

నిజాం రాజ్యం పోయిన ఏడాది అన్న పోయాడు. వానలు ఆగక ఊరి సమాధుల స్థలం అంతా బురద, తవ్వితే నీళ్ళు ఊరుతున్నాయి. అట్లాంటప్పుడు ఎవరి చేన్లో వాళ్ళు పెట్టుకోవడం ఉన్నదే. చచ్చినవాళ్ళకు కూడా పాలు కావాలని మా బాపు అంటుండేవాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకొని నా దగ్గరికి వచ్చింది. "మరిదీ, ఆయన గెట్టు కాడ పెట్టుమన్నడు. మా దిక్కు జాగ లేదు, పెడితే నాగలి మలగది. నీ దిక్కు జర జాగ ఇస్తవా?" అని అడిగింది. ఊరంతా వింటున్నది. ఏ పొయ్యి బొగ్గులు ఆ గుంటలోకి పోయాయో ఆమెకు తెలియకుండా ఉంటుందా. కాని ఆమె ముఖంలో అడగడం తప్ప ఇంకేమీ లేదు. "తీసుకో వదినె, అడగాల్నా" అన్నాను. గెట్టును ఆనుకొని ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు తవ్వారు. సరిగ్గా ఆ ఏడు సాళ్ళ లోపలే ఇమిడింది. సమాధి పూడ్చాక కొత్త బోధకుడు అందరి ముందు నా భుజం మీద చేయి వేసి, ఈ కరువు రోజుల్లో అన్న కోసం పంట భూమి వదులుకున్న తమ్ముడని చెప్పాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. సంఘపెద్ద అప్పటికి పోయి ఏడాది. నేను తల వంచుకున్నాను. అది వినయమనుకున్నారు.

ఆ తరువాత ఏటేటా సమాధుల పండుగ రోజు పొద్దున్నే వదిన సున్నం బకెట్టు పట్టుకొని ముందు మా గడప దగ్గర ఆగేది. "మరిదీ, జర నీ చేన్లకు పోయొస్త" అని అడిగేది. ఒక్క ఏడు కూడా అడగకుండా పోలేదు. జుట్టు తెల్లబడ్డాక, నడుము వంగాక, బకెట్టు మోయలేక చెంబులో సున్నం తెచ్చుకున్నప్పుడు కూడా అడిగింది. "పోయిరా వదినె" అనేవాణ్ణి. "అది నీదే" అని నాలుక చివరిదాకా వచ్చేది. ఆమె నిలబడేది, నిజంగా జవాబు కోసమే నిలబడేది, తరువాత మెల్లగా పోయేది. ఆమె పోయాక సున్నం వేసేవాళ్ళు లేక ఆ మట్టి దిబ్బ చేన్లో కలిసిపోయింది. ఇరవై మూడేళ్ళు ఆమె నా గడప దగ్గరికి వచ్చింది, ఏటా ఒక పొద్దు. నాకు కాలం తక్కువ పడిందని మాత్రం నేను ఎవరితోనూ అనలేను.